నా పేరు పెట్టిన రాయి

మా ఆయన ఒక్క పగటి సైకిలు షికారు కోసం పడ్డ హైరానా చూస్తే, ఎవరైనా కాశీయాత్రకు బయలుదేరుతున్నాడనుకుంటారు. యుద్ధం అయిపోయి, నంద్యాల అంగళ్ళలో మళ్ళీ సైకిలు టైర్లు కనబడటం మొదలైన చలికాలం అది. ఆయన బొగ్గుతో నడిచే బస్సులో నంద్యాలకు పోయి, రెండు కొత్త టైర్లు మెడలో దండల్లా వేసుకుని వచ్చాడు. ఆ రోజు నుంచి మా ఆళ్లగడ్డ ఇంటి అరుగు మీద సాయంత్రం అయితే చాలు సభ.

మా ఆయన పేరు చక్రపాణి. అహోబిలం అర్చకుల ఇంట పుట్టి, స్వామి సేవ తమ్ముడికి వదిలేసి, ఆళ్లగడ్డ బడిలో పంతులుగా చేరాడు. సభలో రెండోవాడు పరంజ్యోతి, నంద్యాల వాడు, ఆసుపత్రిలో కంపౌండరు. నిదానస్తుడు. మూడోవాడు లక్ష్మన్న, బజారులో సైకిళ్ళు బాడుగకిచ్చే అంగడి ఆయనది. ముగ్గురూ కలిసి వేసిన పథకం ఇది. ఆదివారం తెల్లవారగానే బయలుదేరి, వక్కిలేరు గట్టు వెంబడి కొంత దూరం పోయి, బాచేపల్లె మీదుగా దిగువ అహోబిలం చేరాలి. అక్కడి నుంచి భవనాశి ఏటి లోయలోకి తొక్కగలిగినంత తొక్కి, తక్కింది నెట్టుకుంటూ పోవాలి. ఏటి ఒడ్డున చద్ది తిని, పొద్దు వాలకముందే వెనక్కి రావాలి.

ఇంతే. దీనికి ఎన్ని సాయంత్రాలు పట్టాయో చెబితే నవ్వుతారు. పులిహోర మేలా దద్దోజనం మేలా అని ఒక సాయంత్రం. గాలి పంపు ఎవరి సైకిలుకు కట్టాలని ఇంకో సాయంత్రం. నేను లోపలి గడప దగ్గర కూర్చుని బియ్యం ఏరుతూ అన్నీ వినేదాన్ని. వింటున్నకొద్దీ కడుపు మండేది. ఎందుకంటే నాకు సైకిలు తొక్కడం వచ్చు. నంద్యాలలో మా పుట్టింట్లో, మా అన్న కుందు ఏటి గట్టున ఇసుకలో పడేసి లేపి మరీ నేర్పించాడు. గోచీ పోసి కట్టుకునే మా చీర సైకిలుకు అడ్డం కూడా రాదు. పెళ్ళయ్యాక ఆ మాట ఎత్తే సందు దొరకలేదు.

సందు ఆ సాయంత్రం దొరికింది. దొరకబట్టే ఇదంతా జరిగింది.

మా అత్త కమలవల్లి తులసి దగ్గర దీపం పెట్టి వచ్చి, అరుగు మీది ముగ్గురినీ చూసి ఆగింది.

“ముగ్గురే పోతారా?”

“ముగ్గురమే అమ్మా,” అన్నాడు మా ఆయన.

“ముగ్గురు కలిసి పోగూడదురా. అందులో అడివి దోవ. నాలుగో మనిషిని చూసుకోండి.”

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. ఇంకెవరిని అడగాలి, ఎవరికి సైకిలుంది, ఎవరికి తీరిక ఉందని పేర్లు వెతుకుతున్నారు. నేను చేట కింద పెట్టి లేచి నిలబడ్డాను.

“నేనొస్తా,” అన్నాను. “నాకు తొక్కేది వచ్చు.”

లక్ష్మన్న మర్యాదస్తుడు, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మా ఆయన పెట్టుకోలేదు. అరుగు అదిరేలా నవ్వాడు. మా అత్త నన్ను పైనుంచి కిందికి చూసింది.

“సైకిలెక్కుతావా? రేపు మీసాలు గూడా పెంచుకుంటావేమో. పో, పొయ్యి మీద పాలు చూడు పో.”

పాలు పొంగలేదు. పొంగింది నేను. లోపలికి పోయి గోడకు ఆనుకుని నిలబడ్డాను. అరుగు మీది మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

ముగ్గురు పోవలసి వచ్చినప్పుడు ఒక రాయిని నాలుగో మనిషిగా లెక్కేసుకుని తీసుకుపోవడం మా వైపు ఉన్నదే. పోయిన చోట దాన్ని నీళ్ళలో వదిలేసి, వెనక్కి తిరిగి చూడకుండా రావాలి. మామూలు జనం అయితే గులకరాయి ఒకటి జేబులో వేసుకుంటారు, దారిలో మరిచిపోతారు. అందులో భయపడేదేమీ లేదు. కానీ అర్చకుల ఇంట్లో పుట్టినవాడు రాయిని రాయిగా ఉంచలేడు.

లక్ష్మన్న పోయి వక్కిలేటి నుంచి ఒక రాయి పట్టుకొచ్చాడు. కొబ్బరికాయంత ఉంది, నల్లగా, నున్నగా. మా ఆయన దాన్ని చేతిలో తిప్పి చూసి అన్నాడు, “రుక్మిణి వస్తాననింది గదా. ఇదో, రుక్మిణి వస్తాంది. ఇంగ అలకెందుకు?”

“ఇంటి ఆడమనిషి పేరు రాయికెందుకప్పా?” అన్నాడు పరంజ్యోతి. “వేరే ఏదన్నా పెట్టు.”

“నువ్వు ఊరుకో. ఆమెకు సంతోషంగా ఉంటాది.”

పీట తెమ్మన్నాడు. మా అత్త తెచ్చి ఇచ్చింది, కొడుకు ముచ్చట చూసి మురిసిపోతూ. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. పంచపాత్రలో నీళ్ళు, ఒక పువ్వు. మొదట వేళాకోళమే. కానీ నీళ్ళు తాకగానే ఆయన వేళ్ళు మారిపోయాయి. చిన్నప్పటి నుంచి తండ్రి పక్కన కూర్చుని నేర్చుకున్న చేతులవి, వాటికి వేళాకోళం తెలియదు. ప్రాణం పోసే మంత్రం గొంతు తగ్గించి చక్కగా చెప్పాడు. ‘రుక్మిణీ, రా’ అని పిలిచాడు. రాయిని పీట మీద కూర్చోబెట్టాడు. కాళ్ళకు నీళ్ళిచ్చాడు. తాగడానికి ఉద్ధరిణెతో నీళ్ళిచ్చాడు. ఇంత బెల్లం ముక్క ముందు పెట్టి, తిను అన్నట్టు చెయ్యి తిప్పాడు.

పెళ్ళయి ఇన్నేళ్ళయింది. నన్ను ఆయన ఒక్కసారి వచ్చి కూర్చోమన్న పాపాన పోలేదు. తిన్నావా అని అడగలేదు. రాయికి అన్నీ జరిగాయి. అది చూసి నాకు ఏడుపు రావాలి. రాలేదు. తలుపు వెనక నిలబడ్డ నాకు ఉన్నట్టుండి దాహం తీరినట్టయింది. గొంతులో బెల్లం తీపి. పాదాలకు తడి తగిలితే వంగి చూసుకున్నాను. నేల మీద నీళ్ళున్నాయి.

మరునాటి నుంచి ఇంట్లో నా లెక్క తప్పడం మొదలైంది.

మొదట మా అత్త అన్నానికి ఒక మనిషి బియ్యం తక్కువ పోసింది. ముసలితనం అనుకున్నాను. తర్వాత పక్కింటి కనకవల్లి మజ్జిగ తోడుకు వచ్చి, పొయ్యి ముందు కూర్చున్న నన్ను దాటి చూసి, “మీ కోడలు యాడికి పోయిందత్తా?” అని అడిగింది. నేను ‘ఈడే ఉండా కదా’ అన్నాను. మా అత్త అరుగు వైపు చెయ్యి చూపి, “ఆడ కూచ్చోనుండాది,” అంది. అరుగు మీద పీట, పీట మీద రాయి ఉన్నాయి. కనకవల్లి అటు చూసి, అవునా అని తలూపి, తోడు తీసుకుని పోయింది. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

నేను లేచి పోయి మా అత్త ముందు నిలబడి, అత్తా అని గట్టిగా పిలిచాను. ఆమె చెవిలో దోమ దూరినట్టు తల విదిలించుకుంది.

సాయంత్రం సభ మామూలే. తేడా ఒక్కటే, ఇప్పుడు నలుగురు. ముందు తమాషాకు అడిగేవాడు మా ఆయన: “ఏమంటావు రుక్మిణీ, గట్టెంబడి పోదామా, బండ్ల బాటన పోదామా?” అడిగి, చెవి రాయి దగ్గర పెట్టి, “గట్టెంబడేనంట,” అని నవ్వేవాడు. లక్ష్మన్న కూడా నవ్వేవాడు. రెండు మూడు సాయంత్రాలకు నవ్వు తగ్గింది. అడగడం, చెవి పెట్టడం మాత్రం ఉన్నాయి. లోయలోకి దిగగానే ఏటి ఒడ్డున చద్ది తిందామని మొదట అనుకున్నారు కదా. ఒకనాడు మా ఆయన చాలాసేపు చెవి పెట్టి ఉండి, తల ఎత్తి అన్నాడు:

“ఆడ వద్దంట. లోయలోకి పోయినాక బండల నడుమ మడుగుంది చూడు, లోతుది. ఆ మడుగు చూడాలంటాంది.”

“ఆ మడుగు నీకెట్ల తెలుసు సామీ?” అన్నాడు లక్ష్మన్న.

“నాకు తెలీదు. రుక్మిణి చెప్పింది.”

నేను చెప్పలేదు. నేను ఆ మడుగు పేరు కూడా వినలేదు. గడప దగ్గర కూర్చుని ఈ మాట విన్నప్పుడు మొదటిసారి నాకు నిజంగా భయం వేసింది. నా పేరుతో మాట్లాడుతున్నది ఏదో వేరే ఉంది. అది నీళ్ళలో పుట్టింది. నీళ్ళలోకే పోవాలని చూస్తోంది.

పరంజ్యోతి మాత్రం రాయిని ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. ‘ఆ రాయి’ అనేవాడు. పోయేటప్పుడు గడప వైపు తిరిగి, “పోయొస్తామ్మా,” అని నాతో చెప్పేవాడు. నేను తలూపేదాన్ని. ఆయన నన్ను చూస్తున్నాడన్న సంగతి అప్పట్లో నాకు తట్టలేదు. మర్యాద కోసం గడపకు చెబుతున్నాడనుకున్నాను.

షికారుకు ముందటి రోజు లక్ష్మన్న సైకిలు తెచ్చి, రాయిని వెనక క్యారియరు మీద పెట్టి తాడు బిగించి చూశాడు. వంటింట్లో నాకు పక్కటెముకలు పట్టేశాయి. తాడు ఒక్కొక్క చుట్టూ బిగుస్తుంటే ఊపిరి అందక నేల మీద కూలబడ్డాను. విప్పాక గానీ లేవలేకపోయాను. రవిక తీసి చూసుకుంటే ఒంటి చుట్టూ ఎర్రటి వాతలున్నాయి, తాడు మెలికలతో సహా.

అప్పుడే మా అత్త అరుగు మీద నుంచి అంటోంది, “మర్చిపోవద్దురా. మడుగులో వదిలేసినాక ఎనక్కి తిరిగి చూడగూడదు. పిలిచినట్టుంటే గూడా పలకగూడదు.”

రేపు నన్ను నీళ్ళలో పారేస్తారు. నా మొగుడే, తన చేతులతో, పండగలాగా. నేను పిలిచినా పలకరు.

ఆ సాయంత్రం సభ లేచిపోయాక నేను చెయ్యని పని లేదు. ఆయన ముందుకు పోయి చేతులు పట్టుకున్నాను. చలేస్తోందని దుప్పటి కప్పుకున్నాడు. నీళ్ళ కుండ ఎత్తి పడేశాను, పిల్లి వచ్చిందన్నాడు. చివరికి ఆ రాయినే ఎత్తుకుపోయి ఎక్కడైనా పాతిపెడదామని పీట దగ్గరకు పోయి రెండు చేతులా పట్టుకున్నాను. కదల్లేదు. బిందెలు బిందెలు నీళ్ళు మోసే చేతులు నావి. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. తన్ను తాను ఎత్తుకోవడం ఎవరి వల్ల అవుతుంది? పక్కనే మా ఆయన వచ్చి ఒంటి చేత్తో దాన్ని తీసి సంచిలో పెట్టాడు. నా కళ్ళకు చీకట్లు కమ్మాయి.

తెల్లవారింది. ముగ్గురూ గంటలు మోగించుకుంటూ వీధి మలుపు తిరిగారు. మా అత్త చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, “నలుగురూ బాగా పోయి రండి,” అంది.

నేను బజారుకు నడిచాను. ఇంట్లో నుంచి ఒంటరిగా ఎప్పుడూ బజారుకు రాని కోడలిని. జొన్న మూటలు దించేవాళ్ళు, కల్లంగడి ముందు పడి ఉన్నవాళ్ళు, ఒక్కరూ పక్కకు జరగలేదు, ఒక్కరూ తల ఎత్తలేదు. అంగడి ముందు లక్ష్మన్న పెండ్లాం బయ్యమ్మ తమలపాకు నములుతూ కూర్చుని ఉంది. ఆమె కళ్ళ ముందే గోడకు ఆనించిన సైకిలు తీశాను. చక్రం ఆమె కాలికి తగిలినంత పని అయింది. ఆమె వీధిలోకే చూస్తోంది.

ఎక్కాను. మొదటి రెండు తొక్కుళ్ళు వంకర పోయాయి. మూడోది నిలిచింది.

భయంతోనే పోయానని చెబితే అది సగం నిజం. వక్కిలేరు గట్టు ఎక్కేసరికి ఎండ ఇంకా పసుపుగా ఉంది. ఒక పక్క ఇసుకలో సన్నటి నీటి పాయలు, ఇంకో పక్క కంకి పట్టిన జొన్న చేలు, ఎదురుగా నల్లమల నీలంగా లేస్తోంది. గాలి చెవుల్లో గుయ్‌మంటోంది. ఎంత కాలమైందో నేనిలా ముందుకు పోయి! నోట్లోంచి నవ్వు వచ్చేసింది. వెంటనే తాడు బిగుతుకు పక్కటెముకలు గుచ్చాయి. ముందు పోతున్న క్యారియరు ఎక్కడ గతుకులో పడితే అక్కడ నా వెన్ను విరుగుతోంది. ఆ నొప్పినిబట్టే దారి తెలుసుకున్నాను. నొప్పి ఎక్కువైతే దగ్గరవుతున్నట్టు.

అహోబిలం స్వామి పార్వేటకని, అదే వేట ఉత్సవానికని, పల్లెల మీద తిరుగుతున్న రోజులు. బాచేపల్లె దగ్గర పల్లకి ఎదురైంది. ఇంటింటికీ పోయి తన పెళ్ళికి రమ్మని పిలిచే దేవుడాయన. బోయీలు నన్ను చూడలేదు, వెంట ఉన్న జనం చూడలేదు. నేను సైకిలు దిగి, రోడ్డు పక్కన నిలబడి దండం పెట్టాను. నువ్వైనా చూశావా సామీ అని అడిగాను. పల్లకి పోయింది. నేను మళ్ళీ ఎక్కాను.

దిగువ అహోబిలం దాటాక లోయ మొదలవుతుంది. రెండు పక్కలా కొండలు దగ్గరికి వస్తాయి. వెదురు పొదలు ఒకదానికొకటి రాసుకుని కిర్రుమంటుంటాయి. భవనాశి కనబడదు, ఎక్కడో బండల కింద నడిచే చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఆ చప్పుడులో నా పేరు ఉంది. నిజంగా ఉంది. రుక్మిణీ, రుక్మిణీ అని, మా ఆయన ఆ సాయంత్రం పిలిచిన గొంతుతోనే. నేను ‘ఆఁ’ అనబోయి నాలుక కరుచుకున్నాను. సైకిలు ఒక బండకు ఆనించి పరుగెత్తాను.

మడుగు బావిలా ఉంది. నీళ్ళు నల్లగా, ఆకు పడినా కదలనట్టుగా. చద్ది మూటలు ఇంకా విప్పలేదు. మా ఆయన అంచున ఉన్న బండ మీద నిలబడి రాయిని రెండు చేతుల్లో పట్టుకుని ఉన్నాడు. నేను ఏమండీ అని అరిచాను. ఆయన రాయిని ముందుకు చాచాడు.

“అమ్మా! నువ్వెట్లొచ్చినావు?”

పరంజ్యోతి. సూటిగా నా మొహంలోకి చూస్తున్నాడు.

“ఆపమను అన్నా,” అన్నాను. “దాన్ని పారెయ్యద్దని చెప్పు. అది పోతే నేను పోతా.”

పరంజ్యోతి ఇంకేమీ అడగలేదు. ఒక్క గెంతులో పోయి మా ఆయన మణికట్టు పట్టుకున్నాడు. “వద్దప్పా. నీ పెండ్లాం ఈడుంది.”

“అవును, ఉంది కదా,” అన్నాడు మా ఆయన రాయిని చూపిస్తూ.

“రాయి కాదు. మనిషి. ఆ ఎనక నిలబడింది, చూడు.”

మా ఆయన తిరిగి చూశాడు. లక్ష్మన్న కూడా చూశాడు. ఇద్దరి చూపూ నాలోంచి దూరి వెనక వెదురు పొదల మీద పడింది. “ఎవురూ లేరే,” అన్నాడు లక్ష్మన్న.

పరంజ్యోతి చెయ్యి వదల్లేదు. “చక్రపాణీ, నీ పెండ్లాం మొగం ఎట్లుంటాది? చెప్పు.”

“ఇదేం ప్రశ్నప్పా? నల్లగా, గుండ్రంగా, నున్నగా...”

అక్కడ ఆగాడు. తను అన్నది తనకే వినబడింది. నా మొహం ఆయనకు గుర్తు లేదు. ఒకప్పుడైనా సరిగ్గా చూసి ఉంటే గదా గుర్తుండటానికి! నాకు భయం కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. ఆ నిమిషంలో ఆయన్నే మడుగులోకి నెట్టాలనిపించింది, నెట్టగలిగితే.

ఆయన మొహం మీద చెమట పట్టింది. రాయిని మెల్లగా ఇసుకలో దించాడు. అర్చకుడి బుర్ర కాబట్టి, ఏం చేశాడో, ఎలా విప్పాలో ఆలోచించడం మొదలుపెట్టాడు. పిలిచిన దేవుణ్ణి పొమ్మనడానికి మంత్రం ఉంది. “ఉద్వాసన చెప్పేస్తా,” అంటూ నీళ్ళు తీసుకున్నాడు.

“వద్దను!” అని అరిచాను. “రుక్మిణిని పొమ్మంటే నేనేమైపోతా? పొమ్మనేది కాదు, రమ్మనాల. రాయిని ఎట్ల రమ్మన్నాడో, అట్లనే నన్ను రమ్మనమను.”

పరంజ్యోతి అక్షరం పొల్లు పోకుండా చెప్పాడు. నేను పోయి ఒక బండ మీద కూర్చుంటే దాన్ని చూపించి, “ఈడ కూచ్చోనుంది,” అన్నాడు.

మా ఆయన వచ్చి ఆ బండ ముందు, గాలి ముందు, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చద్ది గిన్నె మూతతో ఏటి నీళ్ళు ముంచుకొచ్చాడు. మంత్రం మొదలుపెట్టి మధ్యలో తడబడ్డాడు. ఆ చేతులు తడబడటం నేను ఎన్నడూ చూడలేదు. చివరికి మంత్రం వదిలేసి మామూలు మాటల్లో పడ్డాడు.

“రుక్మిణీ, రా. కూచ్చో. ఇదో, కాళ్ళకు నీళ్ళు.”

నీళ్ళు నా పాదాల మీద పడ్డాయి. ఆయన వేళ్ళు గాలిలో వెతుకుతూ వచ్చి నా మడమకు తగిలాయి. తగిలి, ఉలిక్కిపడి వెనక్కి పోయి, మళ్ళీ వచ్చాయి. తాగడానికి నీళ్ళిచ్చాడు. పెరుగన్నం ముద్ద చేసి, తనింకా తినకుండా, నా నోటి ఎత్తులో పట్టుకున్నాడు. చెయ్యి అటూ ఇటూ ఊగుతోంది.

“తిను,” అన్నాడు. “పొద్దుటి నుంచి ఏం తిన్యావో. రా రుక్మిణీ. ఇంటికి పోదాం రా.”

పిలుపు అయిపోయింది. ఇంక పలకడమే మిగిలింది. మడుగు కూడా పిలుస్తూనే ఉంది, అదే గొంతుతో, ఇంకా తియ్యగా. ఎవరూ నన్ను ఇంతలా అడిగింది లేదు, ఒకేసారి ఇద్దరు అడుగుతున్నారు. నేను కాసేపు ఊరుకున్నాను. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారి ముద్దలో పడుతున్నాయి, అయినా చెయ్యి దించలేదు.

“ఈడే ఉండా,” అన్నాను. ముద్ద తిన్నాను. ఉప్పగా ఉంది.

లక్ష్మన్న కెవ్వుమన్నాడు. మా ఆయన అరవలేదు. నా మొహం వైపు చూస్తూ ఉండిపోయాడు, పాఠం అప్పజెప్పాల్సిన పిల్లవాడు చూసినట్టు. నేను లేచి, ఇసుకలో ఉన్న రాయిని ఎత్తాను. మామూలు రాయి బరువే ఉంది. నా చేతులతో నేనే మడుగులో వేశాను. నల్లటి నీళ్ళు దాన్ని మింగి మూసుకున్నాయి. ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. నాకేమీ కాలేదు. నలుగురం నాలుగు సైకిళ్ళ మీద తిరిగి వచ్చాం. దారిలో ఎవరూ వెనక్కి చూడలేదు.

అయిపోయిందనే అనుకున్నాను. కానీ మొదలుపెట్టిన ఆరాధన ఒక్క పూట కూడా మానకూడదని ఆయన వంశంలో నియమం. ఆ నియమం నా మీదా పడింది. రోజూ పొద్దున్నే ఆయన పీట వేసి, నీళ్ళు పట్టుకుని, “రుక్మిణీ, వచ్చి కూచ్చో,” అంటాడు. అన్న తర్వాతే మా అత్త నన్ను చూస్తుంది, నాకూ బియ్యం పోస్తుంది. పెండ్లాం కాళ్ళు కడిగే మగవాడని ఊరంతా నవ్వింది. ఆయన పట్టించుకోలేదు.

ఎండాకాలం మొదట్లో ఒకనాడు బడి పని మీద నంద్యాలకు పొద్దున్నే బస్సు అందుకోవాలని హడావుడిగా పోయాడు. పిలవడం మరిచిపోయాడు. పొద్దు నెత్తికెక్కేసరికి బావి దగ్గర కనకవల్లి తన బిందెను నా పాదం మీద పెట్టి తోడుకుంది. నేను ఇంటికి వచ్చి వంటింట్లో గోడ పక్కన కూర్చున్నాను. పైటచెంగు నాకే సరిగా కనబడటం లేదు.

సాయంత్రం ఆయన వీధి మలుపు నుంచే పరుగెత్తుతూ వచ్చాడు. చెప్పులైనా విడవలేదు. “రుక్మిణీ! రుక్మిణీ!” అంటూ గదిగదీ తిరిగాడు, గాదె వెనక చూశాడు, పెరట్లో చూశాడు. నేను ఈడే ఉండా, ఈడే ఉండా అంటూనే ఉన్నాను. వంటింట్లోకి వచ్చి, నేను కూర్చున్న చోటికి రెండు మూరల అవతల పీట వేశాడు. దాని ముందు కూర్చుని, ఎవరూ లేని ఆ పీట కింద నీళ్ళు పోయడం మొదలుపెట్టాడు. మొహం దుమ్ము కొట్టుకుపోయి ఉంది.

నీళ్ళు అయిపోవస్తున్నాయి. నేనే జరిగి ఆ పీట మీద కూర్చున్నాను.